పెరగనివ్వని తెర
(రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు స్మారకోపన్యాసం)



రేడియో అన్నయ్య పేరుమీద జరిగే సభకు పిలిస్తే వక్త బాలసాహిత్యం గురించో, ఆయన నడిపిన పిల్లల కార్యక్రమం ‘బాలానందం’ గురించో మాట్లాడతాడని ఎవరైనా అనుకుంటారు. నేను మిమ్మల్ని కొంచెం దూరం తీసుకుపోతున్నాను. 1950ల నుంచి 1980ల దాకా అమెరికా టెలివిజన్ సీరియళ్లలో నటించిన పిల్లలు, ఆ సీరియళ్లు ఆగిపోయాక ఎలా బతికారన్నది ఈ సాయంత్రం నా విషయం. మనకు సంబంధం లేని గొడవలా అనిపిస్తే కాసేపు ఓపిక పట్టండి. చివరికి మన కలెక్టరాఫీసు దాకా వస్తాం.

ఈ విషయం ఎంచుకోవడానికి కారణం అన్నయ్య గారే. ఆయనా, రేడియో అక్కయ్య కామేశ్వరి గారూ మద్రాసు ఆకాశవాణిలో పిల్లల్ని మైకు ముందు నిలబెట్టి పాడించారు, నాటికలు వేయించారు. 1945లో వాళ్లు మొదలుపెట్టిన ‘బాల’ పత్రికలోనే రచయిత ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ అచ్చయింది. ఆ సంగతులన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పదలచుకున్నది చిన్న విషయం. ఆ రేడియో పిల్లలకు ఒక సదుపాయం ఉండేది. అప్పట్లో దాన్ని ఎవరూ సదుపాయమని అనుకుని ఉండరు. ఊరంతా విన్నది వాళ్ల గొంతు మాత్రమే. ముఖం ఎవరికీ తెలియదు. ఈడు రాగానే మగపిల్లవాడికి గొంతు మారేది, ఆ పాత గొంతూ పోయేది. ఆ తర్వాత అతను బడికెళ్లి, పరీక్షలు రాసి, గుమాస్తా కావచ్చు, డాక్టరు కావచ్చు, ఏమీ కాకపోవచ్చు. ఏదైనా అతనిష్టం. బస్సులో పక్కన కూర్చున్నవాడు భుజం తట్టి, చిన్నప్పుడు చెప్పిన డైలాగు మళ్లీ చెప్పమని అడిగేవాడు కాదు.

సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే భూగోళానికి అవతల మరో తరం పిల్లలు పెరిగారు. వాళ్లకు ఈ సదుపాయం దొరకలేదు.

1957 అక్టోబర్ 4న రష్యావాళ్లు స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపారు. అదే రోజు అమెరికాలో ‘లీవ్ ఇట్ టు బీవర్’ అనే సీరియల్ మొదలైంది. ఒక మధ్యతరగతి ఇల్లు, అమ్మ, నాన్న, ఇద్దరు కొడుకులు. చిన్నవాడి ముద్దుపేరు బీవర్. వాడు ఏదో తెలియనితనంతో చిక్కుల్లో పడటం, అన్నయ్య సర్దిచెప్పడం, నాన్న మందలించడం, అంతే కథ. చిన్నవాడిగా వేసిన జెర్రీ మాథర్స్ స్కౌటు పిల్లల యూనిఫాంలో ఆడిషన్‌కి వచ్చి, నాకు స్కౌటు మీటింగు ఉంది, త్వరగా వెళ్లాలి అన్నాడట. ఆ నిజాయితీ చూసే నిర్మాతలు ఎంపిక చేశారు. 1963 దాకా ఆరు సీజన్లు, 234 ఎపిసోడ్లు నడిచింది. ముగిసేనాటికి బీవర్‌కు పదిహేనేళ్లు. తర్వాత మాథర్స్ ఎయిర్ నేషనల్ గార్డులో పనిచేశాడు, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నాడు. మామూలు కథయితే ఇక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు. దానికి కారణం అమెరికా టీవీ వ్యాపారం నడిచే పద్ధతి. అక్కడ ఒక సీరియల్ వంద ఎపిసోడ్ల దాకా పోయిందంటే దాన్ని ఊరూరా ఉన్న స్థానిక స్టేషన్లకు విడివిడిగా అమ్ముకోవచ్చు. ఆ స్టేషన్లు దాన్ని వారానికి అయిదు రోజులు, తరచూ పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు వేస్తాయి. ఒక చుట్టు పూర్తయితే మళ్లీ మొదటి నుంచి. 1957లో తీసిన బొమ్మను 1977లో కొత్త పిల్లలు చూశారు, వాళ్ల పిల్లలు 1997లో చూశారు. తెరమీద బీవర్ ఎప్పటికీ ఎనిమిదేళ్లవాడే. బయట మాథర్స్‌కు తల నెరుస్తోంది.

మరి ఆ పునఃప్రసారాల డబ్బు? నటుల సంఘం 1974లో చేసుకున్న ఒప్పందంతో, ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు నటులకు ఎంతోకొంత ముట్టే పద్ధతి టీవీకి వచ్చింది. అంతకుముందు ఒప్పందాల్లో మొదటి కొన్ని ప్రసారాల దాకానే చెల్లింపు. ఆ తర్వాత ఎన్ని వందలసార్లు వేసినా నటుడికి పైసా రాదు. మనం పాత బంగారమని పిలుచుకునే సీరియళ్లలో ఎక్కువ భాగం 1974కు ముందువే. అంటే ముఖం రోజూ పనిచేస్తోంది, ముఖం గలవాడికి జీతం లేదు. నా ఉపన్యాసంలో మీరు ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది గుర్తుపెట్టుకోండి. పెద్దనటులకూ ఇదే నష్టం జరిగింది, కాదనను. కానీ పెద్దనటుడు ఆ కాగితం మీద తన చేత్తో సంతకం పెట్టాడు. ఎనిమిదేళ్లవాడి తరఫున మరొకరు పెట్టారు.

ముఖం తెరమీద ఆగిపోయిన మనిషికి విచిత్రమైన కష్టాలు వస్తాయి. 1969 ప్రాంతంలో బీవర్ వియత్నాం యుద్ధంలో చనిపోయాడని దేశమంతా పుకారు పుట్టింది. ఒక ప్రసిద్ధ నటి టీవీ కార్యక్రమంలోనే ఆ మాట అనేసింది. మాథర్స్ వియత్నాం వెళ్లనే లేదు. అన్నయ్య వాలీగా వేసిన టోనీ డౌ పెద్దయ్యాక డిప్రెషన్‌తో చాలా ఏళ్లు బాధపడి, దాని గురించి దాచకుండా మాట్లాడి, శిల్పాలు చెక్కుకుంటూ బతికాడు. 2022 జులై 26న అతను చనిపోయాడని అతని వ్యవహారాలు చూసేవాళ్లే ప్రకటించారు. అప్పటికింకా ఊపిరి ఉంది. మర్నాడు, 27న, పోయాడు. తెరమీది అన్నదమ్ములిద్దరినీ లోకం ఒక్కొక్కసారి ముందుగానే చంపేసింది. ‘ఫాదర్ నోస్ బెస్ట్’లో కొడుకుగా వేసిన బిల్లీ గ్రే సంగతి ఇంకా ఘోరం. పెద్దయ్యాక అతను ఒక సినిమాలో మాదకద్రవ్యాలు అమ్మేవాడి వేషం వేస్తే, అది నటన కాదని, అతను నిజజీవితంలోనే అలాంటివాడని ఒక సినిమా గైడుపుస్తకంలో రాశారు. ఆ పుస్తకం ఏటేటా కొత్త ముద్రణలతో వచ్చేది, ఆ వాక్యం కూడా ఏటేటా వచ్చేది. చివరికి దావా వేసి క్షమాపణ చెప్పించుకున్నాడు. చెడిపోయిన బాలనటుడి కథ జనానికి ఎంత రుచిగా ఉంటుందంటే, చెడిపోనివాణ్ణి కూడా అందులో కలిపేసుకుంటారు.

బీవర్ సీరియల్లోనే ఎడ్డీ హాస్కెల్ అనే కుర్రవాడున్నాడు. పెద్దల ముందు అతివినయం, వాళ్లు అటు తిరగ్గానే తుంటరితనం. ఆ వేషం వేసిన కెన్ ఆస్మండ్‌కి ఆ ముద్ర పడిపోయి వేరే వేషాలు రాలేదు. 1970లో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో చేరాడు, గుర్తుపట్టకుండా మీసం పెంచాడు. 1980లో ఒక కారు దొంగను తరుముతుంటే వాడు కాల్చాడు. తూటాలు నిరోధించే చొక్కా, బెల్టు బకిల్ ప్రాణం కాపాడాయి. ఈ ఘట్టం ఎక్కడ రాసినా చివర ఒక జోకు తగిలిస్తారు: ఎడ్డీ చేతిలో తుపాకీ చూడండర్రా అని. నాకు అతని జీవితంలో అంతకంటే ఆసక్తి కలిగించిన ఘట్టం మరొకటుంది. 2007లో అతను నటుల సంఘం మీదే కోర్టుకెక్కాడు. విదేశాల్లో ప్రసారాల మీద వసూలైన రుసుములు సంఘం దగ్గర చేరుతున్నాయి, నటులకు చేరడం లేదన్నది అతని ఫిర్యాదు. తన ఒక్కడి తరఫునే వేయలేదు, తనలాంటి వాళ్లందరి తరఫునా వేశాడు. అది రాజీతో ముగిసి సంఘం లెక్కలు చూపి పంచాల్సివచ్చింది. తుంటరి కుర్రవాడి వేషం వేసినవాడు నలభై నాలుగేళ్ల తర్వాత పద్దు పుస్తకం తెరిపించాడు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లక తప్పదు. 1921లో చార్లీ చాప్లిన్ తీసిన ‘ది కిడ్’లో చిరుగుల టోపీ పెట్టుకున్న కుర్రవాడు జాకీ కూగన్. చిన్నతనంలో అతను సంపాదించింది మూడు నాలుగు మిలియన్ల డాలర్లని అంచనా. 1935లో కారు ప్రమాదంలో తండ్రి పోయాడు. తల్లి, ఆమె పెళ్లాడిన మేనేజరు ఆ డబ్బు తమదేనన్నారు. చట్టం కూడా అదే అంది: మైనరు సంపాదన తల్లిదండ్రులది. 1938లో కూగన్ దావా వేశాడు. మిగిలిన రెండున్నర లక్షల డాలర్లలో సగం, సుమారు లక్షా ఇరవై ఆరు వేలు, అతనికొచ్చింది. ఆ గొడవ పుణ్యమా అని 1939లో కాలిఫోర్నియాలో ఒక చట్టం వచ్చింది. దాన్ని నేటికీ కూగన్ చట్టమనే అంటారు.

ఆ చట్టానికి పెద్ద చిల్లు ఒకటుండేది. కోర్టు ఆమోదానికి వెళ్లిన ఒప్పందాలకే అది వర్తించేది. కోర్టుకు తీసుకెళ్లకపోతే? ఎవరూ అడిగేవారు కాదు. 1950లు, 60ల టీవీ పిల్లల్లో చాలామంది ఆ చిల్లులోంచే జారిపోయారు. దేశం మొత్తానికి వర్తించే 1938 నాటి కార్మిక చట్టమైతే బాలకార్మిక నిషేధం నుంచి నటించే పిల్లల్ని ఏకంగా మినహాయించింది. గనిలో పిల్లవాడు పనిచేయకూడదు, సెట్టు మీద చేయవచ్చు. సెట్టు మీద దీపాలుంటాయి, చప్పట్లుంటాయి, అది పనిలా కనిపించదు.

కూగన్ కూడా టీవీకొచ్చాడని తెలిస్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. 1964 నుంచి 66 దాకా ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’లో గుండు గీయించుకుని, కళ్లచుట్టూ నల్లరంగు పూసుకుని, నోట్లో బల్బు పెట్టుకుని వెలిగించే అంకుల్ ఫెస్టర్ అతనే. ఒకప్పుడు లోకమంతా ముద్దు చేసిన ముఖాన్ని ఎవరూ గుర్తుపట్టలేని వేషంలో దాచి జీతం తీసుకున్నాడు. తెలివైనవాడని నా అభిప్రాయం. కూగన్ 1984లో పోయాడు. మన రేడియో అన్నయ్య పోయింది కూడా ఆ సంవత్సరమే.

ఇప్పుడు ఇద్దరు అబ్బాయిల గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. ఇద్దరూ 1951లో పుట్టినవాళ్లే. ఒకడు అమెరికాలో, మరొకడు బొంబాయిలో.

జే నార్త్ ‘డెన్నిస్ ది మెనేస్’లో అల్లరి పిల్లవాడు. 1959 నుంచి 63 దాకా 146 ఎపిసోడ్లు. వాడి జుట్టు సహజమైన రంగు పాత్రకు కుదరలేదని తెల్లబడేదాకా బ్లీచ్ చేసేవారు. తల్లి ఉద్యోగం చేసుకుంటోంది కాబట్టి సెట్టు మీద సంరక్షణ ఒక బంధువుల ఆవిడ చేతిలో పెట్టారు. డైలాగు తప్పితే ఆవిడ తనను కొట్టేదని, తోటి నటులతో కలవనిచ్చేది కాదని జే నార్త్ పెద్దయ్యాక చెప్పాడు. తెరమీద దేశంలోకెల్లా స్వేచ్ఛగా తిరిగే కుర్రవాడు, కెమెరా ఆగాక ఆవిడకు భయపడేవాడన్నమాట. ఆవిడ కొడుతున్న సంగతి యూనిట్లో ఎవరికీ తెలియదని నేను నమ్మలేను. తెలిసినా, రోజు షూటింగు సాఫీగా జరిగిపోతే చాలనుకుని ఉంటారు.

రెండోవాడు సాజిద్ ఖాన్. బొంబాయి మురికివాడల నుంచి వచ్చిన కుర్రవాణ్ణి దర్శకుడు మెహబూబ్ ఖాన్ చేరదీసి పెంచుకున్నాడు. 1957లో వచ్చిన ‘మదర్ ఇండియా’లో చిన్నప్పటి బిర్జూగా, కసిగా చూసే ఆ కళ్లు మన పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. 1964లో మెహబూబ్ పోయాడు. 1966లో హాలీవుడ్ వాళ్లు ‘మాయా’ అనే సినిమాను ఇక్కడ, మన దేశంలోనే తీశారు. తండ్రి కోసం వచ్చిన అమెరికా అబ్బాయి జే నార్త్, ఏనుగుతో తిరిగే రాజీ అనే అబ్బాయి సాజిద్. సినిమా చూసి ఎన్‌బీసీ టీవీ వాళ్లు దాన్నే సీరియల్ చేశారు. 1967-68లో పద్దెనిమిది ఎపిసోడ్లు, అదీ మన దేశంలోనే షూటింగు.

ఆ పద్దెనిమిది ఎపిసోడ్లు సాజిద్‌ను అమెరికా ఆడపిల్లల పత్రికల్లో ముఖచిత్రాల దాకా తీసుకెళ్లాయి. అక్కడ పాటల రికార్డు కూడా తెచ్చాడు. తర్వాత ఫిలిప్పీన్స్‌లో సినిమాలు చేశాడు. 1983లో ‘హీట్ అండ్ డస్ట్’లో ఒక చిన్న వేషంలో కనిపించాడు. ఆ పైన నటన జోలికి పెద్దగా పోలేదు. జీవితం చివర్లో కేరళలో స్థిరపడి, 2023 డిసెంబర్‌లో అక్కడే క్యాన్సర్‌తో పోయాడు, కాయంకుళంలో ఖననం చేశారు. జే నార్త్ దారి వేరు. పెద్దయ్యాక వేషాలు దొరకలేదు. 1977లో నౌకాదళంలో చేరాడు, ఇమడలేక బయటికొచ్చాడు. చివరికి ఫ్లోరిడాలో కరెక్షనల్ ఆఫీసరుగా, అంటే జైలు ఉద్యోగిగా పనిచేశాడు. 2025 ఏప్రిల్ 6న పోయాడు. ఒకే ఏనుగు మీద కూర్చున్న ఇద్దరిలో పేదవాడు ప్రశాంతంగా వెళ్లిపోయాడు, ఉన్నవాడు బాధపడ్డాడు అని తేల్చెయ్యాలనిపిస్తుంది. ఆ తేల్పు నాకు ఇష్టం లేదు. సాజిద్ లోపల ఏముందో మనకు ఎవరూ రాసిపెట్టలేదు. జే నార్త్ లోపల ఏముందో మనకు తెలిసింది అతను నోరు విప్పాడు కాబట్టి. అతను నోరు విప్పగలిగింది మరొక బాలనటుడి చావు వల్ల.

రస్టీ హేమర్ ఆరేళ్ల వయసులో, 1953లో, ‘మేక్ రూమ్ ఫర్ డాడీ’లో చేరాడు. పదకొండేళ్లు నవ్వించాడు. సీరియల్ 1964లో ఆగింది. పదిహేడేళ్లవాడికి చేతిలో మరో విద్య లేదు. లూసియానాలో చిన్నాచితకా పనులు చేస్తూ, ఒంటరిగా ఉంటూ, 1990 జనవరి 18న నలభై రెండో ఏట ప్రాణం తీసుకున్నాడు.

ఆ వార్త పాల్ పీటర్సన్‌ను కదిలించింది. అతను 1958 నుంచి 66 దాకా ‘ది డోనా రీడ్ షో’లో కొడుకు వేషం వేసినవాడు. హేమర్ పోయిన ఏడాదే ‘ఎ మైనర్ కన్సిడరేషన్’ అనే సంస్థ పెట్టాడు. పాత బాలనటుల్ని వెతికి పట్టుకోవడం, వాళ్ల ఇంటి తలుపు తట్టడం, అవసరమైతే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం దాని పని. జే నార్త్‌కు ఆ రోజుల్లో ఆసరాగా నిలిచింది వాళ్లే. తేరుకున్నాక అతనూ వాళ్లతో కలిసి అదే పని చేశాడు. పరాయివాడు వచ్చి ‘నీ బాధ నాకు తెలుసు’ అంటే బాలనటుడు నమ్మడు, పరాయివాళ్లందరూ తన అభిమానులే కదా. సాటి బాలనటుడు వస్తే తలుపు తీస్తాడు.

పీటర్సన్ బృందం శాసనసభ చుట్టూ కూడా తిరిగింది. 2000 సంవత్సరం జనవరి 1 నుంచి కూగన్ చట్టం మారింది. పిల్లల సంపాదన పిల్లలదేనని మొట్టమొదటిసారి చట్టం చెప్పింది. కోర్టుకు వెళ్లినా వెళ్లకపోయినా ప్రతి ఒప్పందంలోనూ 15 శాతం పిల్లల పేరుమీద ట్రస్టు ఖాతాలో వెయ్యాలి. 1939లో పెట్టిన చిల్లును పూడ్చడానికి అరవై ఏళ్లు పట్టింది. ఆ అరవై ఏళ్లలోనే మనం చెప్పుకుంటున్న సీరియళ్లన్నీ వచ్చాయి, పోయాయి. ‘డిఫరెంట్ స్ట్రోక్స్’ సీరియల్లో నటించిన గ్యారీ కోల్‌మన్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది: 1989లో తల్లిదండ్రుల మీద, మేనేజరు మీద దావా వేశాడు, 1993లో గెలిచాడు, 1999లో దివాలా తీశాడు, 2010లో నలభై రెండేళ్లకు పోయాడు. దాన్ని మళ్లీ సాగదీయను.

డబ్బు దాచిపెడితే సరిపోతుందా? సరిపోతుందని చెప్పి ఊరుకుంటే నా పని తేలికయ్యేది. కానీ అనిస్సా జోన్స్ ఉంది. ‘ఫ్యామిలీ అఫైర్’ 1966 నుంచి 71 దాకా నడిచింది. అందులో బఫీ అనే పాపకు చేతిలో ఎప్పుడూ ఒక బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ నమూనా అంగళ్లలో తెగ అమ్ముడుపోయింది. చివరి సీజన్‌కి ఆ అమ్మాయి వయసు పన్నెండు దాటింది, చేతిలో బొమ్మ మాత్రం పోలేదు. ఆమె డబ్బును ఎవరూ మింగలేదు. ట్రస్టులో భద్రంగా ఉంది. 1976 మార్చిలో పద్దెనిమిది నిండగానే చేతికొచ్చింది. ఆగస్టు 28న మాదకద్రవ్యాలు మోతాదు మించి చనిపోయింది. ఆమెతో కవలగా వేసిన జానీ విటేకర్ కూడా అదే ఊబిలో దిగి, బయటపడి, తర్వాత మత్తుకు బానిసలైనవాళ్లకు కౌన్సెలర్ అయ్యాడు.

అంటే డబ్బుతో పాటు మరేదో కావాలి. అదేమిటన్నదానికి జవాబు నాకు రాన్ హోవార్డ్ బాల్యంలో కనిపిస్తుంది. 1960 నుంచి 68 దాకా ‘ది ఆండీ గ్రిఫిత్ షో’లో ఓపీ అనే కుర్రవాడతను. ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’కు 2002లో ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ తీసుకున్నాడు. అతని తండ్రి రాన్స్ కూడా నటుడే, అంత పేరున్నవాడు కాదు. తండ్రి సెట్టు మీద ఉండేవాడు. ఆ తండ్రే ఒకసారి సీరియల్ వాళ్లతో ఒక మాట చెప్పాడట: టీవీ పిల్లలందరూ పెద్దవాళ్లకు ఎదురు జవాబులు చెప్పి నవ్విస్తున్నారు, ఈ కుర్రవాడు తండ్రిని నిజంగా గౌరవించేవాడైతే ఎలా ఉంటుంది? వాళ్లు విన్నారు. ఆ సీరియల్లో తండ్రీకొడుకుల మధ్య కనిపించే చనువు రాన్స్ ఇంట్లోంచి వచ్చింది. కుర్రవాడి మీద ఇల్లు ఆధారపడలేదు, కుర్రవాడు ఇంటిమీద ఆధారపడ్డాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మనవాళ్లంటారు. చాలా ఇళ్లలో పిల్లవాణ్ణే దీపం చేశారు.

ఒక పక్క మాట. కాలిఫోర్నియా నియమాల ప్రకారం సెట్టు మీద టీచరు ఉండాలి, రోజుకు మూడు గంటలు చదువు చెప్పాలి, పిల్లల క్షేమం చూసే బాధ్యత కూడా ఆ టీచరుదే. పసిబిడ్డల్ని లైట్ల కింద కొన్ని నిమిషాలకు మించి ఉంచకూడదు. అందుకే ‘బివిచ్డ్’లో ఒక పాప వేషానికి కవలల్ని పెట్టారు, ‘ఫుల్ హౌస్’లో ఓల్సెన్ కవలల్ని పెట్టారు. నియమం తెచ్చిన తిప్పలు నిర్మాతలకు వ్యాపార చిట్కాగా మారాయి. చట్టం గట్టిగా ఉంటే సీరియళ్లు ఆగిపోతాయని భయపెట్టేవాళ్లకు ఇది చెప్పండి. ఆగవు, దారి వెతుక్కుంటాయి.

ఈ జీవితాలన్నిటినీ కలిపి అమెరికా పత్రికలు ఒక మాట తయారుచేశాయి: బాలనటుల శాపం. మన వారపత్రికలు కూడా దాన్ని ఇష్టంగా ఎత్తుకున్నాయి. నాకు ఆ మాట మీద గట్టి అభ్యంతరం ఉంది. శాపం అంటే ఇచ్చినవాడు కనిపించడు, దేవుడి లెక్కలో పడిపోతుంది. ఇక్కడ కనిపించనివాడు ఎవరూ లేరు. ఒప్పందం రాసినవాళ్లున్నారు, పునఃప్రసారాలకు చెల్లింపు ఆపేసిన నిబంధన ఉంది, చెయ్యెత్తిన సంరక్షకురాలుంది, చూసి ఊరుకున్న యూనిట్ ఉంది, అరవై ఏళ్లు చిల్లు పూడ్చని శాసనసభ ఉంది. ఇది కూలి సంగతి. కూలి సంగతిగా చూస్తేనే పరిష్కారం దొరుకుతుంది.

మన దగ్గరికి వద్దాం. మనకు పునఃప్రసారాల ముఖాలు లేకపోలేదు. దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ చూసినవాళ్లకు స్వామి అంటే ఇప్పటికీ ఆగుంబే వీధుల్లో పరుగెత్తే మాస్టర్ మంజునాథే. అతను పెద్దయ్యాక నటన వదిలేసి చదువు, ఉద్యోగం వైపు వెళ్లిపోయాడు, మంచిపని చేశాడు. కానీ ఇవాళ తెలుగు ఛానళ్లలో పాటల పోటీలు, డ్యాన్సు పోటీలు, సీరియళ్లలో చిన్నారి పాత్రలు ఎన్నో. ఎలిమినేట్ అయిన పాప ఏడుస్తుంటే కెమెరా దగ్గరికి వెళ్తుంది. ఆ ముక్క ఫోన్లలో ఎన్నేళ్లు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు పునఃప్రసారానికి స్టేషన్ కూడా అక్కర్లేదు. ఇంట్లోనే పిల్లల వీడియోలు తీసి డబ్బు చేసుకునే పద్ధతి మీద అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2023లో, కాలిఫోర్నియా 2024లో చట్టాలు తెచ్చాయి, పిల్లల వాటా విడిగా దాచాలని.

మనకు చట్టం లేదనుకుంటే పొరపాటు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు పద్నాలుగేళ్లలోపు పిల్లలు కళాకారులుగా పనిచేయడానికి షరతులతో అనుమతి ఇచ్చారు. 2017లో వచ్చిన నిబంధనల్లో ఆ షరతులున్నాయి. షూటింగుకు ముందు నిర్మాత జిల్లా కలెక్టరు అనుమతి తీసుకోవాలి. రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి పని ఉండకూడదు. చదువుకు ఏర్పాటు చేయాలి. అయిదుగురు పిల్లలకు ఒక బాధ్యత గల మనిషిని పెట్టాలి. పిల్లకు ఇష్టం లేని పని చేయించకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో ఆ పిల్ల పేరుమీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజరయ్యాక ఇవ్వాలి. కాలిఫోర్నియా చట్టం అడిగేది 15 శాతమే. కాగితం మీద మనమే మెరుగు.

కాగితాన్ని కదిలించేది తల్లిదండ్రులే. ఈ సభలో పిల్లల్ని టీవీ కార్యక్రమాలకు పంపుతున్నవాళ్లు, పంపాలనుకుంటున్నవాళ్లు ఉంటే వాళ్లకు నా విన్నపం ఇది. ఛానల్ వాళ్లు అగ్రిమెంటు ముందు పెట్టినప్పుడు మొహమాటపడకండి. కలెక్టరు అనుమతి కాగితం చూపించమనండి. రాత్రి ఎన్నింటికి వదులుతారో రాసిమ్మనండి. ఈ బొమ్మను ఎన్నేళ్లు, ఎక్కడెక్కడ వాడుకుంటారో ఆ కాగితంలో ఉందో లేదో చదవండి. డిపాజిట్ రసీదు మీ పేరున కాకుండా పిల్ల పేరున రాయించి, పద్దెనిమిదేళ్లు నిండేదాకా దాని జోలికి పోకండి. అడిగితే అవకాశం పోతుందని భయపెడితే, పోనివ్వండి.